గోషితై అన్న మాట

గ్వేజీకి జపనీస్ నేర్పే మనిషి కావలసి వచ్చింది. అప్పటికే ఆమెకొక మాస్టారు ఉన్నాడు, ఆయన మంచివాడు కూడా. చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది.

సుగిమోరి మాస్టారికి డెబ్భై దాటాయి. టోక్యో తూర్పు కొసన, ఏటి గట్టు పక్కనున్న వార్డు భవనానికి ఆదివారం ఆదివారం పొద్దున్నే వచ్చి పాఠం చెప్పేవాడు. ఆయన ముందు కూర్చునే పదిమందీ గ్వేజీ లాంటివాళ్లే. జపాను ఓడి యుద్ధం ముగిసిన ఏడు, సేద్యానికని చైనా ఉత్తరాన మంచూరియాలో స్థిరపడిన జపానువాళ్లు వానల్లో, బురదలో పారిపోతూ వదిలేసిన పిల్లలు. చైనావాళ్ల ఇళ్లలో పెరిగి, అక్కడే పెళ్లాడి, పిల్లల్ని కని, నలభై దాటాక 'మీరు మావాళ్లే, రండి' అనిపించుకుని వచ్చినవాళ్లు. తీరా వచ్చి చూస్తే నోట్లో ఒక్క జపనీస్ ముక్క లేదు. అక్కడున్నంత కాలం జపాను పిల్లలు, ఇక్కడికొచ్చాక చైనా ఆడవాళ్లు. ఎక్కడా ఇంటివాళ్లు కాలేదు.

సుగిమోరి మాస్టారు వయసులో ఉండగా చైనాలో బడిపంతులుగా చేశాడు, చైనా భాష బాగా వచ్చు. ఆయన నేర్పే జపనీస్ మాత్రం ఇస్త్రీ మడత నలగని చొక్కాలా ఉండేది. 'ఇది పుస్తకమండీ. అది కిటికీ అండీ. దయచేసి కొంచెం జరుగుతారా అండీ.' ఆ చొక్కా తొడుక్కుని గ్వేజీ అన్నం డబ్బాలు నింపే ఫ్యాక్టరీలో పనికి వెళ్లేది. అక్కడ ఆడవాళ్లు "ఏయ్, ముల్లంగి ఇటు తొయ్! నిద్రపోతున్నావా?" అని అరుచుకుంటూ పని చేసేవాళ్లు. గ్వేజీ పక్కామెను "దయచేసి కొంచెం జరుగుతారా అండీ" అన్న రోజున పనిబల్ల పొడుగునా నవ్వులే.

"ఏమ్మా, రాజుగారి కోటలోంచి దిగొచ్చావా?" అంది ఒకావిడ.

ఇంట్లో కూతురు యాన్ అంతకంటే ముదురు. దానికి పద్నాలుగేళ్లు, వచ్చిన ఏడాదిలోనే ఇక్కడి పిల్లల్లా గడగడా మాట్లాడేసింది. "అమ్మా, బడిలో మీటింగుకి నువ్వు రాకు. నువ్వు నోరు తెరిస్తే రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. అదీ తప్పులతో," అంది. గ్వేజీ మీటింగుకి వెళ్లలేదు.

కానీ ఆమెకు నోటి మాట నేర్చుకోవాలని ఉన్నది ఫ్యాక్టరీ కోసమూ కాదు, బడి కోసమూ కాదు. ఆమె దగ్గర ఒకే ఒక్క జపనీస్ మాట చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ మాట తన కన్నతల్లిది. దాని సంగతి తేల్చుకోవాలని ఉంది.

ఆ మాట 'గోషితై'.

ఐదేళ్ల వయసు నుంచి ఆమెకు స్పష్టంగా మిగిలిన జ్ఞాపకం అదొక్కటే. వాన పడుతోంది. ఎవరో ఆడమనిషి తన కాలి మడమ పట్టుకుని ఆ మాటే, చివర కొంచెం సాగదీసి, అడిగింది. తను కూడా అదే మాట తిరిగి అంది. ముఖం గుర్తులేదు, చెయ్యి గుర్తుంది. తరవాత బండి తోలే సుయ్ వాళ్ల ఇంటి వెచ్చని ఇటుకల మంచం. సుయ్ భార్య "నీ పేరేంటే?" అని చైనా భాషలో అడిగితే ఏం తెలుస్తుంది? పిల్ల "గోషితై" అనే అందిట. ఆవిడకి 'గోషి' అని వినిపించింది, దాన్ని తమ వాళ్ల పేరులా 'గ్వేజీ' చేసేసింది. ఊళ్లో పిల్లలు ఊరుకుంటారా? ఆ పేరునే కాస్త వంకర తిప్పి 'గ్వేజ, గ్వేజ' అని తరిమేవాళ్లు. ఆ మాటకు దెయ్యమని అర్థం, జపానువాళ్లను అలాగే తిట్టేవాళ్లు. గోషితై అన్న మాటను మాత్రం ఆమె రోజూ పెదవులు కదపకుండా తనలో తను అనుకునేది, మర్చిపోతానేమోనని భయపడి.

ఐదేళ్ల కిందట, ఇక్కడివాళ్లు తమ పిల్లల్ని గుర్తుపట్టడానికని రెండు వారాల ప్రయాణం పెట్టి పిలిపించినప్పుడు, ఆ మాట మొదట విన్నది సుగిమోరి మాస్టారే. తోడు మాట్లాడడానికి వచ్చాడాయన. "చిన్నప్పటి జపనీస్ ఏదైనా గుర్తుందా అమ్మా?" అని అడిగితే ఆమె చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. మళ్లీ చెప్పించుకున్నాడు. చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, చివరికి చెప్పాడు.

"గో అంటే ఐదండీ. షితై అంటే... శవం. పెద్దవాళ్లు ఇలా అనరు. ఐదేళ్ల పిల్ల మాట కదా."

దారిలో మొత్తం ఎంతమంది అని అధికారులు అడిగితే, తనతో కలిపి ఆరుగురని గ్వేజీ మసకగా గుర్తు తెచ్చుకుని చెప్పింది. ఆరులో ఒకటి పోతే ఐదు. ఇక చెప్పేదేముంది? కాగితం మీద రాశారు, పేపర్లో ఆమె ఫోటో కింద వేశారు. ఎవరూ రాలేదు. చచ్చిపోయినవాళ్లు ఎలా వస్తారు? ఆమె అక్కడి ఇంటికి తిరిగి వెళ్లి, మళ్లీ మూడేళ్లకు, ఎవరి కూతురో తెలియని మనిషిగానే, మొగుడితో, కూతురితో ఇక్కడికి వచ్చి స్థిరపడింది. ఏటా ఆగస్టులో ఐదు అగరుబత్తీలు వెలిగించేది.

కానీ ఒక అనుమానం లోపల పురుగులా తొలుస్తూనే ఉంది. శవాల గురించి ఎవరైనా మడమ పట్టుకుని అంత మెత్తగా అడుగుతారా? ఒకసారి సుగిమోరి మాస్టారిని అడిగింది. "చిన్నప్పటి జ్ఞాపకం మనల్ని మోసం చేస్తుందండీ," అన్నాడాయన, బాధగా. ఆయన మంచివాడు కనుక ఆమె మళ్లీ అడగలేకపోయింది.

అందుకని ఇంకో మనిషిని వెతకాలనుకుంది. తాము ఉండే ప్రభుత్వ ఇళ్ల సముదాయం నోటీసు బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కుని ఒక చీటీ అంటించింది. 'సెన్‌సేయ్ కావాలి. నోటి మాట నేర్పాలి. బదులుగా పని చేస్తాను.' మాస్టారుకు ఇక్కడివాళ్లు రాసే రెండక్షరాలే చైనాలో అయ్యగారికీ, ఇంటాయనకీ కూడా చెల్లుతాయి. చీటీ చదివి, తనలాగే చైనా నుంచి వచ్చిన పక్కింటావిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"ఏమే గ్వేజీ, ఉన్న మొగుడు చాల్లేదా? బోర్డెక్కావు! అదీ నోటి మాట నేర్పే మొగుడా? నాకూ ఒకణ్ని చూడు, మావాడు పదేళ్లుగా మూగనోము పట్టాడు!"

నాలుగో రోజున చీటీ కింద ఎవరో పెన్సిలుతో రాశారు. 'కామె స్నానశాల. పన్నెండింటికి రా. టోమి.'

పేట జనం డబ్బిచ్చి స్నానం చేసే ఆ కామె స్నానశాల రెండు వీధుల అవతలే. మూడింటికి తెరుస్తారు. షియోజావా టోమి అక్కడ గల్లా దగ్గర ఎత్తు పీట మీద కూర్చునే మనిషి. అరవై ఎనిమిదేళ్లు, పొట్టి, నోరు పెద్దది. మొగుడు పోయాక పేటలోని ఆడవాళ్ల ముచ్చట్లన్నీ ఆవిడ చెవిలో పడాల్సిందే.

"నాకు సర్టిఫికెట్టూ గిర్టిఫికెట్టూ ఏమీ లేదు," అంది మొదటి రోజునే. "నడుం వంగట్లేదు. నువ్వు తొట్టెలు తోము, నేను మాట్లాడుతూ ఉంటాను. అదే పాఠం."

"చాలా సంతోషం అండీ. దయచేసి మొదలుపెడతారా అండీ."

"అయ్యో రాత! నీకెవరు నేర్పారే ఈ మాటలు? ఒంటి మీద బట్టల్లేకుండా కూర్చున్నవాళ్లతో ఇలా మాట్లాడితే సిగ్గుతో చస్తారు. పిన్నీ అను నన్ను. అండీ తీసెయ్."

"పిన్నీ అండీ."

"నా ఖర్మ," అంది టోమి, పగలబడి నవ్వుతూ.

అలా మొదలైంది. ఫ్యాక్టరీలో ఒంటిగంట షిఫ్టుకు ముందు, వారానికి నాలుగు రోజులు. గ్వేజీ పసుపు ప్లాస్టిక్ బకెట్లు దొంతర్లు పెడుతూ, పలకల మధ్య నాచు గీకుతూ, 'ఒరే', 'పోవే', 'ఎంత కొవ్వే నీకు' అన్నవన్నీ నేర్చుకుంది. ఫ్యాక్టరీలో ఒకరోజు "ముల్లంగి ఇటు తొయ్యవే, నిద్రా?" అని గట్టిగా అనేసరికి ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. యాన్ కూడా ఒకసారి ముక్కు విరుస్తూనే "పర్వాలేదే" అంది. వసంతం పోయి ఎండలొచ్చాయి. గోషితై సంగతి మాత్రం గ్వేజీ టోమిని అడగలేదు. ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. శవాలే అని ఈవిడ కూడా చెప్పేస్తే ఇక అనుమానం కూడా మిగలదు. ఆ అనుమానమే తల్లి దగ్గర నుంచి తనకు మిగిలిన ఆస్తి అన్నట్టు దాచుకుంది.

సెప్టెంబరులో ఒకరోజు బాయిలర్ మొరాయించింది. టోమి కూడా నడుం బిగించి నీళ్లు మోయాల్సి వచ్చింది. ఆఖరి తొట్టె కడగడం అయ్యాక బకెట్ బోర్లించి దాని మీద కూలబడి, కళ్లు మూసుకుని, తనలో తను అనుకున్నట్టుగా అంది:

"ఆఁ... గోషితై."

గ్వేజీ చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"పిన్నీ. ఎవరు చచ్చిపోయారు?"

టోమి కళ్లు తెరిచింది. "ఏంటీ?"

"ఇప్పుడు అన్నావు. ఐదు శవాలని."

"పిచ్చి పట్టిందా నీకు? శవాలేంటే, స్నానాల చోట!" టోమి మొహం చెవులదాకా ఎర్రబడింది. "వినేశావా? అదా... మా కొండలోయ మాటలే. మోటు మాట. వదిలెయ్. ఎక్కడా అనకు, నవ్విపోతారు."

"అర్థం చెప్పు."

"పద్నాలుగేళ్లప్పుడు ఈ ఊళ్లో పనిపిల్లగా చేరాను. అమ్మగారి ముందు నోరు జారి ఆ మాట అన్నా. వారం రోజులు ఇంటిల్లిపాదీ నన్ను ఆ మాటతోనే పిలిచారు. అప్పట్నుంచీ ఆ భాషని మూట కట్టి అటకెక్కించేశా. మా ఆయన ముందు కూడా ఎన్నడూ..."

"పిన్నీ! అర్థం!"

ఆ గొంతు విని టోమి ఉలిక్కిపడింది.

"అర్థమేముందే? ఒళ్లు హూనమైంది, ఇక అడుగు పడదు అని. అలసిపోయా అని. మా లోయలో పిల్లలు కొండెక్కేటప్పుడు దారి పొడుగునా అదే గోల. పెద్దవాళ్లు 'గోషితైకా?' అని అడుగుతారు, అలసిపోయావా అని. పిల్లలు 'గోషితై' అంటారు. అప్పుడు గొంతుక్కూర్చుని వీపు చూపిస్తారు, పిల్లలు ఎక్కేస్తారు. అంతే."

గ్వేజీ తడి పలకల మీదే కూర్చుండిపోయింది. నోట్లో జపనీస్ అంతా ఎగిరిపోయింది. చైనా భాషలో ఏదో అంటోంది, ఏడుస్తోంది, తన మడమ తనే పట్టుకుని చూపిస్తోంది. మాటలు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక వాన, చెయ్యి, బండి తోలే సుయ్ ఇల్లు, ఐదు శవాలు, పేరు పెట్టిన వైనం, అన్నీ ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. టోమి నోటికి యాభై ఏళ్లుగా అటకెక్కించిన భాష దానంతటదే దిగొచ్చింది.

"నువ్వు మా దిక్కు పిల్లవేనే," అంది, గ్వేజీ తలను తడి ఆప్రాన్‌కు అదుముకుని. "అయ్యో బిడ్డా, మా దిక్కు పిల్లవేనే నువ్వు."

ఆ ఆదివారం గ్వేజీ సుగిమోరి మాస్టారికి చెప్పింది. ఆమెకు కోపం ఉంది. దారి పొడుగునా టోమి నేర్పిన తిట్లన్నీ వరసపెట్టుకుంటూ వెళ్లింది. కానీ ఆ అర్థం వినగానే ముసలాయన కుర్చీలోంచి లేచి నిలబడి, నడుం విరిగేలా వంగి దణ్ణం పెట్టాడు. తల ఎత్తేసరికి ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"అయితే మీవాళ్లు బతికి ఉండొచ్చండీ! ఆ లోయ నుంచి వేలమంది మంచూరియా వెళ్లారు. నేను తప్పు చెప్పానండీ. పెద్ద తప్పు. నేనే దిద్దుతాను." ఆ పూట నుంచే ఆయన టోమి పుట్టిన ఇనా లోయలో ఉన్న ఒక్కో ఊరి పంచాయతీకి చేత్తో ఉత్తరాలు రాశాడు. ముప్పై పైనే రాశాడు. తిట్లన్నీ గ్వేజీ గొంతులోనే ఉండిపోయాయి.

అక్టోబరు చివర్లో జవాబు వచ్చింది. హారా మసుజో అనే ఆయన రాశాడు. మాస్టారు క్లాసు అయిపోయాక ఆమెను కూర్చోబెట్టి ఎదురుగా కూర్చుని చదివాడు. ఒక్కో వాక్యం చదివి చైనా భాషలోకి మార్చి చెప్పాడు.

"మా చెల్లెలు కినుయెను ఒక బండివాడి ఇంట్లో వదిలాం. అతని కంచరగాడిదకు ఎడమ కన్ను లేదు."

గ్వేజీ చప్పున రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఒంటికన్ను కంచరగాడిద వెనకే ఆమె పదకొండేళ్లు గడ్డి మోసింది. తన పేరు కినుయె. ఒక అన్న ఉన్నాడు.

మాస్టారు తరవాతి వాక్యం దగ్గర ఆగాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. ఆయన ఎలా చెప్పాలా అని వెతుక్కుంటుండగానే గ్వేజీ ఎదుటి వైపు నుంచి, తలకిందులుగా, ఆ వరస చదివేసింది. మాట రాకపోయినా ఆ అక్షరాలు చైనా బడిలో నేర్చుకున్నవే. అమ్మ అనే అక్షరం, నిరుడు, ఫిబ్రవరి, చావు అనే అక్షరం.

నిరుడు ఫిబ్రవరికి గ్వేజీ టోక్యో వచ్చి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలలూ ఆదివారం ఆదివారం ఇక్కడే, ఇదే కుర్చీలో కూర్చుని 'ఇది పుస్తకమండీ, అది కిటికీ అండీ' అంటూ ఉంది. తల్లి బస్సులో వెళ్తే నాలుగున్నర గంటల దూరంలో బతికే ఉంది.

నవంబరులో వెళ్లారు. టోమి గల్లా పీట చెల్లెలికి అప్పగించి తోడొచ్చింది. మొగుడికి, కూతురికి తరవాత చూపిస్తానంది గ్వేజీ, మొదటిసారి మాత్రం తనే వెళ్లాలంది. బస్సులో దారి పొడుగునా ఒకే ప్రశ్న గొణుక్కుంటూ కూర్చుంది. అన్నను అడగాల్సిన ప్రశ్న. టోమి రెండుసార్లు మాటలు సరిచేసింది, మూడోసారి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

ఈడా ఊరు దాటాక కొండ కింద బస్సు ఆగింది. ఇళ్ల చూరుల కింద తొక్క తీసిన ఎర్రటి పెర్సిమన్ పళ్లు ఎండడానికి తాళ్లకు వేలాడుతున్నాయి. స్టాపులో ఒక ముసలి రైతు టోపీ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వయసు యాభై నాలుగే, ఎండకు అంత ముసలివాడయ్యాడు. గ్వేజీని చూసి అడుగు ముందుకేశాడు, ఆగాడు. ఎన్నాళ్లుగా ఏం అనాలనుకున్నాడో, నోటికొచ్చింది మాత్రం ఆ లోయలో దూరం నుంచి వచ్చిన ఎవరినైనా అడిగే మాటే.

"శానా దూరం కెల్లి వచ్చినవ్. గోషితైకా?"

టోమి అర్థం చెప్పబోయింది. గ్వేజీ చెయ్యెత్తి ఆపింది.

"గోషితై," అంది.

మసుజో టోపీని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రోడ్డు మీద, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంట్లో ఆమెను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, టీ పోసి, బీరువాలోంచి ఒక పేపరు తీశాడు. ఐదేళ్ల నాటిది. మడతల దగ్గర చిరిగి, మళ్లీ అంటించి ఉంది. నిండా చిన్న చిన్న ఫోటోలు, ఆ ప్రయాణంలో వచ్చిన వాళ్లవి. ప్రతి ఆడమనిషి ఫోటో పక్కనా పెన్సిలుతో ఏదో గుర్తు.

"అమ్మ ఒక్కొక్కలను పట్టి పట్టి చూసింది," అన్నాడు మసుజో. "ఇదో, ఈడ నువ్వున్నవ్. నీ చుట్టు సున్న చుట్టింది, చూడు. మా చిన్నమ్మ మొహం అచ్చు ఇట్లనే ఉంటది, ఈ పిల్ల మనదే అన్నది. పొద్దుగాల బయల్దేరుదాం, టోక్యో పోదాం అన్నది. మూట గూడ కట్టింది. అటెన్క కింద రాసింది సదివినం."

కింద రాసింది గ్వేజీ కూడా చదివింది. ఆ అక్షరాలూ ఆమెకు వచ్చినవే. 'కుటుంబం: ఐదుగురి శవాలను చూసినట్టు గుర్తు.'

"మా పిల్లను పానంతోని ఒకల ఇంట్ల వదిలి వచ్చిన, అది ఏ శవాలు జూడలే, ఇది మన పిల్ల గాదు అన్నది అమ్మ. మూట ఇప్పింది."

పెన్సిలు సున్నాకు అడ్డంగా ఒక గీత ఉంది. గట్టిగా గీసింది, కాగితం చిరిగేలా.

గ్వేజీ ఆ గీత మీద వేలు పెట్టి కూర్చుంది. టోమి పొయ్యి వంక చూస్తోంది. పేపరు నీ దగ్గర పెట్టుకో అని మసుజో అంటే గ్వేజీ అడ్డంగా తల ఊపి, ఉన్న మడతల మీదే జాగ్రత్తగా మడిచి, తనే బీరువాలో పెట్టేసింది.

"సుగిమోరి మాస్టారికి ఇది చూపించొద్దు పిన్నీ," అంది. "ముప్పై ఉత్తరాలు రాశాడు."

తరవాత బస్సులో కూడబలుక్కున్న ప్రశ్న అడిగింది. అడగాల్సి వచ్చేసరికి స్నానశాల మాటలేవీ రాలేదు. ఆదివారం క్లాసు మాటలే వచ్చాయి.

"అన్నయ్యగారూ, ఒకటి అడగవచ్చా అండీ. నేను గోషితై అన్నాను కనుకనే అమ్మగారు నన్ను వదిలేశారా అండీ?"

మసుజో ఆమె వైపు చూశాడు.

"కాదమ్మ," అన్నాడు. "అందరం అన్నం. నేను అన్న. నాయనమ్మ అన్నది. తమ్ముడైతె ఏడ్సుకుంట అన్నడు. నీకు జెరమొచ్చింది, ఒళ్లు పెనం లెక్క కాలుతుండె. గోషితైకా అని అమ్మ అడిగింది, నువ్వు గోషితై అన్నవ్. మన దిక్కు అట్ల అంటె వీపు చూపియ్యాలె. అమ్మ వీపు మీద సంటిది ఉండె. ముందట తమ్ముడుండె. నీకు జాగ లేకుండె." ఆయన తన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆగాడు. "అందుకని నీ మడిమ పట్టుకొని మెల్లగ ఒత్తింది. గంతే చేసింది. ఎదురుంగ బండాయన ఇంట్ల పొయ్యి మండుతుండె."

"వాళ్లు?"

"తమ్ముడు మూడు దినాలకే పాయె. సంటిది శిబిరంల. నాయనమ్మ గూడ ఆడనే. నాయన పటాలం కెల్లి తిరిగి రాలే. నేను, అమ్మ, ఇద్దరమే ఇల్లు జేరినం." మళ్లీ అన్నాడు: "ఒకటి చెప్త. ఇంటికొచ్చినంక అమ్మ ఆ మాట ఎన్నడు అనలే. ఈడ పొలంల పని చేసెటోళ్లు దినాం యాభై సార్లు అంటరు గద, గోషితై గోషితై అని. అమ్మ నలభై ఏండ్లు ఒక్కసారన్న అనలే. నా పెండ్లాం అంటె గూడ లేచి బయటికి పోయేది. అమ్మ పేరు టొకు గద, ఊరోళ్లు టొకుకు పొగరు, అలుపన్నదే లేనట్టు చేస్తది అన్నరు. సచ్చిపోయే దినం గూడ, అమ్మా గోషితైకా అని నేను అడిగిన. నోరు గట్టిగ మూసుకొని తల అడ్డం ఊపింది."

సమాధి ఇంటి వెనక వాలులోనే ఉంది, పెర్సిమన్ చెట్ల పైన. మసుజో బకెట్టుతో నీళ్లు తెచ్చాడు. గ్వేజీ గరిటెతో రాయి మీద నీళ్లు పోసింది. ఇన్నేళ్లూ ఐదుగురి పేరు మీద వెలిగించింది, ఇవాళ ఒక్క అగరుబత్తీ వెలిగించింది. టోమి వెనక నిలబడి, ఏమైనా అనవే, ఇంత దూరం వచ్చావు, నీకు అన్ని మాటలు నేర్పాను కదే అన్నట్టు చూస్తోంది.

గ్వేజీ రాతికి దగ్గరగా జరిగి, వంగి, దాని అడుగు అంచును చేత్తో పట్టుకుంది.

"అమ్మా," అంది. చివర కొంచెం సాగదీసి, తనకు గుర్తున్నట్టే అడిగింది: "గోషితైకా?"

కొంచెం ఆగింది. తరవాత అటు తిరిగి, రాతికి వీపు చూపిస్తూ గొంతుక్కూర్చుని, చేతులు రెండూ వెనక్కి చాపింది.

మసుజో ఖాళీ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సాయంత్రం బస్సు నాలుగింటికే. వేళ అవుతోందని చెప్పడానికి వాళ్లలో ఎవరికీ నోరు రాలేదు.